కడెం వాగు రేవులో నేను తీసిన కొమ్మ

దసరా సెలవుల్లో ఇంట్లో ఉంటే మా ఆవిడ అటకలు దులిపిస్తుందని భయపడి, కుంటాల జలపాతం చూడటానికి ఒంటరిగా బయలుదేరాను. నిర్మల్‌కు పంతులుగా వచ్చి ఏడాదైనా ఆ నీళ్ల గురించి వినడమే తప్ప చూసింది లేదు. పొద్దున ఆరింటి ఆదిలాబాదు బస్సెక్కి, అరవై కొత్త పైసలిచ్చి, ఏడున్నరకు నేరడిగొండలో దిగాను. అక్కడి నుంచి జలపాతం దాకా బండి బాట ఉంది. కానీ కడెం వాగు వెంట నడిస్తే అడవి బాగా కనిపిస్తుందని నాకు తోచింది. చాయ్ కొట్టు ఆయన మాత్రం, "మొన్నటి వానకు వాగు మస్తు గుంజుతున్నది సార్, జర పైలంగ పో" అన్నాడు. మా బడిపిల్లలకు నేను రోజూ చెప్పే జాగ్రత్తల్లాంటిదే కనుక, వాళ్లలాగే తలూపి మరిచిపోయాను.

మూడు గంటలు నల్లటి బండల మీద ఎక్కుతూ, దిగుతూ, అక్కడక్కడ చేతులతో పాకుతూ నడిచాను. ఎండ మెత్తగా ఉంది, టేకాకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పదకొండింటికి బాట ఒక రేవులోకి దిగింది. దానికి అడ్డంగా పచ్చి మోదుగ కొమ్మ, దాని మొదలు మీద ఒక రాయి. దారిలో ముల్లో రాయో ఉంటే పక్కకు తీయందే నాకు కాలు కదలదు. కొమ్మను ఈడ్చి పొదల్లో పడేశాను, రాయిని దొర్లించాను. వెనక వచ్చేవాళ్లకు మేలు చేశానన్న సంతోషంతో నీళ్లలో దిగాను. నాలుగో అడుగుకు కింద నేల లేదు. ఒక బండ అంచు చేతికి దొరకబట్టి బతికి, ఎలాగో అవతలి గట్టెక్కాను. కుడికాలి చెప్పు, రొట్టెల మూట వాగు పాలయ్యాయి.

ఆ గట్టు మీది జొన్నచేనులో, మంచె పైనుంచి ఒడిసెలతో చిలకలను తోలుతున్న గోండు రైతు జంగు నన్ను చూసి దిగి వచ్చాడు. పంతులునని చెప్పుకున్నాక అంబలి పోశాడు.

"గింత తడిసినవేంది పంతులూ?"

"కింది రేవుల దిగిన. గుంత ఉన్నదని తెల్వలేదు."

"కొమ్మ అడ్డం పెట్టిన గద. కనబడలేదా?"

"కనబడ్డది. బాటకు అడ్డమున్నదని తీసి పారేసిన."

అతను తిట్టలేదు. "మా ఇంటామె బిడ్డనెత్తుకొని తల్లిగారింటి నుంచి గదే బాటన వస్తది. కొమ్మ చూస్తే మీది రేవుకు మళ్లుతదని పెట్టిన" అంటూ వాగువైపు పరుగెత్తాడు.

ఒంటి చెప్పుతో నేనూ వెనక పరుగెత్తాను. మేం చేరేసరికి అవతల ఆమె, చంకలో బిడ్డతో, చీర ఎగదోపుకుని అప్పటికే నీళ్లలో రెండడుగులు వేసేసింది. ఇద్దరం గొంతు చించుకున్నా ఆ హోరులో ఒక్క మాటా అటు దాటలేదు. ఆమె చూపు కాళ్ల కింది రాళ్ల మీదే ఉంది. జంగు ఒడిసెలలో రాయి పెట్టి విసిరాడు. అది ఆమెకు నాలుగు మూరల ముందు నీళ్లు ఎగజిమ్మింది. ఆమె తలెత్తగానే అతను ఒక కొమ్మ విరిచి, రెండు చేతులతో తల మీద అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి అడుగులేసి గట్టెక్కింది.

కాస్త ఎగువనున్న ఆ మీది రేవులో నీళ్లు మోకాలి లోతే. దాటి వెళ్లి కలిశాం. ఆమె ముందుగా అడిగింది కొమ్మ సంగతే. "ఎవలు తీసిండ్రు?" అని తెలుగులోనే అడిగింది, నన్ను చూసి కాబోలు.

"ఎడ్లు తొక్కినట్టున్నయ్" అన్నాడు జంగు.

అతని మంచితనానికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఎడ్లు కాదమ్మా, నేనే తీసిన" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసి, బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "అయితే నువ్వే పెట్టు" అంది. పెట్టాను. రాయి సరిగా ఆనలేదని మళ్లీ పెట్టించింది.

జలపాతం చూడకుండానే బండి బాటన తిరిగొచ్చి సాయంత్రం బస్సెక్కాను. మేలు చేస్తున్నాననుకుని చేసిన పని కనుక సిగ్గు ఇంకా ఎక్కువ. ఆమె చంకలోంచి వేలాడుతున్న ఆ చిన్న కాళ్లు నా కళ్లలోంచి పోవడం లేదు. మీరు వెళ్తే బండి బాటనే వెళ్లండి. ఎక్కడైనా పచ్చి కొమ్మ, దాని మొదలు మీద రాయి కనిపిస్తే ఇంకో రేవు వెతుక్కోండి. ఆ ఆకులు వాడిపోయి ఉంటే, పక్కనే మరో పచ్చి కొమ్మ విరిచి పెట్టి వెళ్లండి. మీ వెనక ఎవరో బిడ్డనెత్తుకుని వస్తూ ఉండవచ్చు.