పళ్ళతో పాట వినే సారయ్య

బెల్లంపల్లి సారయ్య పాటను చెవులతో వినడు, పళ్ళతో వింటాడు. ఇందులో కోతలేమీ లేవు. నమ్మకపోతే బాబు మియా హోటల్లో ఉన్న గ్రామఫోను పెట్టెను చూడండి. కుడివైపు అంచు మీద పైన నాలుగు గంట్లు, కింద నాలుగు గంట్లు కనిపిస్తాయి. అవి ఎలుకలవి కావు, సారయ్యవి.

సారయ్యది బొగ్గుబాయిలో మందు కూరి పేల్చే పని. పదేళ్ళు పేల్చేసరికి బొగ్గుతో పాటు ఆయన చెవులు కూడా రాలిపోయాయి. పక్కన పిడుగు పడ్డా "ఎవలో పిలిచినట్టున్నది" అనేవాడు. ఒకనాడు బాబు మియా హోటల్లో రికార్డు మోగుతుండగా ఆయనకు కునుకు పట్టి, గడ్డం పోయి గ్రామఫోను పెట్టె మీద ఆనింది. అంతే, ఎగిరి లేచాడు.

"అరె! బొక్కలల్ల పాట ఇనొస్తుంది!"

గడ్డం ఎముక కంటే పళ్ళు ఆనిస్తే ఇంకా బాగా వినిపిస్తుందని రెండో రోజు కనిపెట్టాడు. మూడో రోజు నుంచి ఆయన భార్య మల్లక్క బజార్లో తల వంచుకుని నడవటం మొదలుపెట్టింది.

అంతటితో ఆగితే ఆమె సర్దుకునేదే. కానీ ఆయన రికార్డుల వేటలో పడ్డాడు. దానికి మూలం పక్కింటి వాహెద్.

వాహెద్ లాంపు గదిలో కూర్చుని, బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలు ఇచ్చే మనిషి. పోలీసు యాక్షన్‌కు ముందు దొరల క్లబ్బులో పియానో వాయించేవాడు. ఇంగ్లీషు డాన్సులకు వాయించే జాజ్ అది, వింటే కాళ్ళు ఊరుకోవు. తర్వాత దొరలు పోయారు, పియానో పోయింది, విన్నవాళ్ళు తలోదిక్కుకు పోయారు. ఒక పొద్దున హోటల్లో కొత్త కుర్రకారు మధ్య వాహెద్ నోరు జారాడు.

"నేను హైద్రాబాద్‌ల నాలుగు రికార్డులిచ్చిన. నాలుగోదాని ఆఖర్ల నా పేరు సుత చెప్పిన."

"గప్పాలు కొట్టకు చాచా!" అన్నారెవరో. హోటలంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా, బల్ల చరిచి మరీ నవ్వినవాడు సారయ్య. వాహెద్ ఆయనను ఒక్క చూపు చూసి, చాయ్ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. పదేళ్ళుగా ఒకే చాయ్‌ని కప్పులో ఒకరు, సాసర్లో ఒకరు తాగిన మనుషులు వాళ్ళు. ఆ రోజు నుంచి వాహెద్ హోటల్ గడప తొక్కలేదు, సారయ్యతో మాట్లాడలేదు.

వారం తిరక్కుండా సారయ్య ఆ నాలుగు రికార్డుల కోసం బయలుదేరాడు. వాహెద్‌ది అబద్ధమని తేల్చేదాకా ఈయనకు నిద్ర పట్టేటట్టు లేదనుకుంది మల్లక్క. ఊరూ అదే అనుకుంది.

"పాపం, గా మనిషిని ఇడిసిపెట్టరాదయ్యా!" అని ఆమె గొంతు చించుకునేది.

"ఇంకింత పప్పు పొయ్యి," అని ఆయన పళ్ళెం జరిపేవాడు.

క్లబ్బు మూసినప్పుడు అక్కడ పనిచేసినవాళ్ళు చేతికందింది పట్టుకుపోయారు. అలా నాలుగు రికార్డులూ నాలుగు ఊళ్ళ పాలయ్యాయి. నాలుగింటి మీదా ఒకే ఎర్ర కాగితం, ఒకే నెమలి బొమ్మ. బ్యాండు పేరు తప్ప వాయించినవాడి పేరు లేదు. పేరు పలికేది ఏదో తెలియాలంటే ప్రతిదాన్నీ ఆఖరిదాకా కొరికి తీరవలసిందే.

మొదటిది చొప్పదండిలో, మల్లక్క మేనకోడలి పెళ్ళిలో దొరికింది. మగపెళ్ళివారు తెచ్చిన రికార్డుల కట్టలో ఎర్ర కాగితం కనపడగానే, సారయ్య దాన్ని గ్రామఫోను మీద పెట్టించి అంచు కరిచి పట్టుకున్నాడు. తలంబ్రాలు ఆగిపోయాయి.

"ఫిట్సు! ఫిట్సొచ్చినయ్! ఇనుము తేండ్రి!"

నలుగురు మీదపడి ఆయన రెండు చేతుల్లో తాళంచెవుల గుత్తులు కుక్కారు. ఆయన మాత్రం రికార్డు అయిపోయేదాకా నోరు వదల్లేదు. తర్వాత లేచి, "పేరు రాలే," అన్నాడు. రికార్డుతో పాటు పెళ్ళివారి బీరువా తాళాలు కూడా బెల్లంపల్లికి వచ్చేశాయి.

రెండోది కొండగట్టు కింద ఒక బొమ్మల దుకాణంలో దొరికింది. మతి చెడినవాళ్ళను అంజన్న దగ్గరికి తీసుకొస్తారు కదా. దుకాణంవాడి గ్రామఫోను పెట్టె కరుచుకుని కళ్ళు మూసుకున్న సారయ్యను చూసి, ఒక ముసలమ్మ మల్లక్క భుజం నిమిరింది.

"గీ బీమారి ఎన్ని దినాల సంది, బిడ్డా?"

"పెండ్లయిన కాడికెల్లి, అవ్వా."

"నలభై దినాలు దేవుని కాడ ఇడిసిపెట్టు. నయమైతది."

మల్లక్క కాసేపు నిజంగానే ఆలోచించింది.

మూడోది మంచిర్యాలలో ఎండకు వంగిపోయి దొరికింది. పియానో కల్లు తాగి నడిచినట్టు వినిపించింది. అందులోనూ పేరు లేదు.

నాలుగోది ఇచ్చోడలో ఉందని ఒక లారీ డ్రైవరు కబురు చెప్పాడు. క్లబ్బులో వంట చేసినవాడి చెల్లెలు సక్కుబాయి ఇంట్లో ఉందట. మళ్ళీ ఎవరి తాళాలూ రాకుండా చూడాలని ఈసారీ మల్లక్క వెంటే వెళ్ళింది. వెళ్ళేసరికి రికార్డు మామిడికాయ తొక్కు జాడీ మీద మూతగా దర్జాగా కూర్చుని ఉంది.

"నకో!" అంది సక్కుబాయి. "ఆరేండ్ల సంది గదే మూత. చీమ సుత జొర్రలే. నేనియ్య."

సారయ్య చేతులు జోడించాడు. చెవులు లేనివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆయన మొదలుపెట్టేసరికి బజార్లో పత్తి బండ్లు ఆగిపోయాయి.

"బాయీ! వాహెద్ రికార్డు సంగతి చెప్పిననాడు నాకు ఒక్క ముక్క ఇనరాలే! అందరు నవ్విండ్రు, నేను సుత నవ్విన! చెవుడని నగుబాటైతదని అందరికంటె జోరుగ నవ్విన! తెల్లారి బాబు మియా చెప్తె ఎరికైంది, నా దోస్తును చూసి నవ్విన్నని! క్లబ్బు గోడవతల నిలవడి ఆయన పియానో ఇన్నోన్ని ఊర్ల నేనొక్కన్నే మిగిలిన! నేనే నవ్వితె ఇగ ఆయన్ని ఎవలు నమ్ముతరు?"

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన మీద అంత ప్రేమ, అంత కోపం ఒకేసారి ఎప్పుడూ రాలేదు మల్లక్కకు.

"గీ ముక్క ఇంట్ల చెప్తె నీ పండ్లూడుతుండెనా?" అంది.

సక్కుబాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మరి నా తొక్కు మీద ఏం మూత పెట్టాలె?"

మల్లక్క తమ సద్దిగిన్నె మూత తీసి జాడీ మీద పెట్టింది. కుదిరింది.

బెల్లంపల్లిలో బాబు మియా ఆ రికార్డును మూడుసార్లు కడిగినా తొక్కు వాసన పోలేదు. సారయ్య పెట్టె కరిచి సిద్ధంగా కూర్చున్నాడు. పిలిస్తే వాహెద్ రాడు. మల్లక్క లాంపు గదికి పరుగెత్తింది.

"వాహెదన్నా, ఉరుకు! మా ఆయన పండ్లు పెట్టెకు ఇరుక్కున్నయ్!"

వాహెద్ కోపం మరిచిపోయి పట్టకారు పట్టుకుని ఉరికాడు. దారి పొడుగునా మల్లక్క అసలు సంగతి చెప్తూనే ఉంది. హోటల్ గడప దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి. లోపల ఆయన వేళ్ళే వాయిస్తున్నాయి. వాయింపు అయిపోయింది, ముల్లు గరగరలాడింది, అప్పుడు వయసులో ఉన్ననాటి వాహెద్ గొంతే ఖుషీగా అరిచింది.

"బజానేవాలా వాహెద్! ముకామ్ బెల్లంపల్లి!"

సారయ్య నోరు తియ్యకుండానే చూపుడువేలు ఎత్తి హోటల్లో ఒక్కొక్కరి వైపూ తిప్పాడు.

వాహెద్ పట్టకారు బల్ల మీద పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "రెండు తావుల ఏలు తప్పిన," అన్నాడు. "ఏదీ, మల్ల పెట్టుండ్రి." అని వంగి, పెట్టె ఎడమవైపు అంచు తానూ కరిచాడు.

"యా అల్లా! నా పెట్టె!" అని బాబు మియా నెత్తి కొట్టుకున్నాడు. హోటలంతా పగలబడి నవ్వింది.

సారయ్య తలెత్తి చూశాడు. నవ్వటానికి నోరు తెరిచి, టక్కున మూసేశాడు.

"ఆగుండ్రి. ఏమన్నరు? జర ముందుగాల చెప్పుండ్రి."

మల్లక్క ఆయన చెవిలో అరిచి చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించాడు. అందరూ నవ్వి నవ్వి అలిసిపోయాక, బల్ల చరిచి తానొక్కడే నవ్వాడు. వాహెద్ చాయ్‌ని సాసర్లో పోసి ఆయన ముందుకు జరిపాడు.