తిప్పి చూసే టీచరమ్మ

తొంభైల్లో టెల్కో ఫ్యాక్టరీ కాలనీలో, తన క్వార్టర్ వరండాలో మాకు కుట్లు నేర్పిన టీచరమ్మను నేను ఇప్పటికీ క్షమించలేదు. గుడ్డ చేతికిస్తే పూలను చూసేది కాదు, ముందుగా వెనక్కి తిప్పి ముడులు వెతికేది. ఒక్క ముడి కనబడినా "ఏటే ఇది, ఎలకలు కొరికినట్టుంది" అని అందరి ముందూ పరువు తీసేది.

ఆవిడకు డిజైన్లంటే పాత పత్రికల్లోంచి కత్తిరించిన గులాబీలే. నేను ఊరి చివర సంతాల్ గిరిజనుల మట్టిగోడల మీద చూసిన నెమలిని టేబుల్ క్లాత్ మీద కుట్టి పట్టుకెళ్లాను. తిప్పి చూసింది.

"ఇదేటి బొమ్మ? నా పేరు పాడు సేత్తావు. ఇక్కడ ఒగ్గీసి పో" అని బీరువాలో పడేసింది.

ఆ చలికాలం లేడీస్ క్లబ్ ఎగ్జిబిషన్‌లో నా నెమలి కనబడింది. పక్కన చీటీ మీద ఆవిడ పేరు. ఎవరో మేనేజరుగారి భార్య "బహుత్ సుందర్!" అని మురిసిపోతోంది. నేను వెళ్లి గుడ్డ అంచు పట్టుకున్నాను. వెనక నా ముడులన్నీ అలాగే ఉన్నాయని నాకు తెలుసు.

టీచరమ్మ వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్న మూడేళ్లలో ఎన్నడూ అనని మాట, గొంతు తగ్గించి అంది.

"తిప్పకే."

తిప్పాను.