కొండనాలుక పడ్డ డిసెంబరు

గోరువెచ్చని ఉప్పునీళ్లలోంచి పసుపు వాసన లేస్తోంది. మా పాపకు ఈ ఏడాది గొంతువాపు ఇది నాలుగోసారి. వేళకు మందు పట్టించి, పుక్కిలింపజేసి, మెత్తగా పిసికిన అన్నం బతిమాలి తినిపించి నాకు ఓపిక అయిపోయింది.

నా చిన్నప్పుడు మెదక్‌లో డిసెంబరు వచ్చిందంటే వెదురుబద్దల క్రిస్మస్ చుక్కకు రంగుకాగితాలు అంటించడం, నాయనమ్మ గరిజల కోసం కలిపే కొబ్బరి, బెల్లం వాసన, సాయంత్రాలు చర్చిలో పాటల సాధన, వీటితోపాటు నా గొంతునొప్పి కూడా తప్పకుండా వచ్చేది. నాయనమ్మ దాన్ని కొండనాలుక పడటం అనేది. “జర తల వంచు బిడ్డా, లేపుతా” అంటూ నడినెత్తిన నాలుగు వెంట్రుకలు పట్టి గుంజేది, ఉప్పు అద్దిన బొటనవేలు నోట్లో పెట్టి నొక్కేది. నేను ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేదాన్ని.

ఆరో తరగతిలో, క్రిస్మస్ ఉదయం పాడే పాటలో మొదటి చరణం నన్నొక్కదాన్నే పాడమన్నారు చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ. ఇల్లంతా ఆ పాటే పాడుకుంటూ తిరిగాను. పండుగ రెండు వారాలుందనగా గొంతు వాచింది. నాన్న దవాఖానకు తీసుకుపోతే డాక్టరు పదిరోజుల గోలీలిచ్చి, ఒక్కటీ మానొద్దన్నాడు. మూడోరోజుకే జ్వరం దిగింది.

“మంచిగున్న పిల్లకు గోలీలెందుకురా? మల్లొస్తే అక్కరకొస్తయి” అని నాయనమ్మ మిగిలినవి బిస్కెట్ల డబ్బాలో దాచింది. ఎవరమూ కాదనలేదు, మా ఇంట్లో మందు జ్వరానికే గాని గొంతుకు కాదు.

పండుగ ముందురోజు గొంతు మళ్లీ పూడుకుపోయింది. పాపం, నాయనమ్మ చేతులు నొప్పిపుట్టేదాకా వెంట్రుకలు గుంజింది. తెల్లారి చర్చిలో లేచి నిలబడి నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న పిల్ల నా చరణం అందుకుంది. ఆడవాళ్ల వరుసలో నాయనమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

నాన్న మళ్లీ దవాఖానకు తీసుకుపోతే, “గోలీలు సగంల ఆపిండ్రు, అందుకే మర్లవడ్డది” అన్నాడు డాక్టరు. ఆ మాట నాయనమ్మకు చెప్పొద్దని నాన్న ఇంటికొచ్చే దారిలోనే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను తల సరిగ్గా వంచలేదనే ఆమె చివరిదాకా నమ్మింది.

ఇప్పుడు ఆమె లేదు, కొండనాలుక లేపే చేతులు మా వాడలో ఎవరికీ లేవు. కోపం చూపిద్దామంటే మనిషి లేదు. ఆ ఏడాది తర్వాత నన్నెవరూ పాడమనలేదు, నేనూ అడగలేదు. ఆదివారాలు అందరూ పాడుతుంటే పుస్తకం తెరిచి పెదవులు మాత్రం కదిలిస్తాను.