వంటింట్లోంచి నడిచొచ్చే మాట

పిచ్చుకకు నలభై దాటాయి. అయినా ఇంట్లో ఆమె పిచ్చుకే. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పేదని నాన్న పెట్టిన ముద్దుపేరు అది. ఏళ్ల తరబడి ఒక ట్యూషన్ సెంటర్లో పిల్లలకు పాఠాలు చెప్పింది. అది మూతపడ్డాక వెతగ్గా వెతగ్గా ఈ ఉద్యోగం దొరికింది. చెవి మిషన్లు అమ్మే కంపెనీలో కంటెంట్ రైటర్.

“అంటే ఏం చేస్తావే?” అంది అమ్మ.

“వెబ్‌సైట్లో చదివే మాటలుంటాయి చూడు, అవన్నీ రాస్తాను.”

“కింద నీ పేరు వేస్తారా?”

“వెయ్యరు.”

“బాగుంది సంబడం! మరి చుట్టాలకి ఏమని చూపించుకోను?”

అదే సంగతి పిచ్చుక నాన్న ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆయన ఆమె పెదాల వైపే చూస్తూ విన్నాడు.

“ఎవరు కొంటారే అవి?”

“వినపడనివాళ్లు నాన్నా.”

“పాపం,” అన్నాడు నాన్న.

అమ్మా కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాన్న పనిచేసింది బట్టల మిల్లులో, మగ్గాల మధ్య. ఆ రొదలో పక్కవాడు చెవిలో అరిచినా వినపడేది కాదు. అందుకని అక్కడ అందరూ పెదాల కదలికను బట్టే మాట పట్టేవారు. చెవులు మొరాయించాక కూడా ఆయన ఆ విద్యతోనే నెట్టుకొస్తున్నాడు. ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. పొరపాటున ఆ మాట ఎత్తితే రెండు రోజులు అన్నం సయించనట్టు మొహం పెడతాడు. కాబట్టి ఎవరూ ఎత్తరు.

ఆఫీసులో మొదట్లో పిచ్చుకకు కుర్చీతోనే సరిపోయింది. పక్కనున్న మీట లాగితే అది జర్రున కిందికి దిగేది. మళ్లీ పైకి రాదు. అడిగితే నవ్వుతారేమోనని టేబుల్ అంచుకు గడ్డం ఆనించినట్టే కూర్చుని రాసేది. చుట్టూ మొన్నమొన్నటిదాకా ఆమెలాంటి వాళ్ల దగ్గర పాఠాలు చెప్పించుకున్న ఈడువాళ్లు. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. చెవి మిషన్ల కంపెనీలో మనిషిని పిలవాలంటే చేతులూపాల్సి వస్తోందని తనలో తనే నవ్వుకుంది.

ఆమె రాసింది దిద్దే ఎడిటర్ కూడా చిన్నపిల్లే. వెనకాల అందరూ ఆ అమ్మాయిని కత్తెర అంటారు. నోరారా అక్కా అని పిలుస్తూనే పేరాలకు పేరాలు కోసేసేది.

“అక్కా, ‘మధురమైన శబ్ద ప్రపంచంలోకి స్వాగతం’. ఇది ఎవరితో అంటున్నావు?”

“కొనేవాళ్లతో.”

“మీ ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడితే జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూడవూ?”

పిచ్చుకకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ప్రొబేషన్ చివరికొచ్చింది. కొత్త మిషన్ గురించి శుక్రవారం లోపు ఒక పేజీ రాయాలి. అది నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఇంటికే. కత్తెర ఆ సంగతి దాచలేదు.

“నువ్వు కళ్లారా చూసింది రాయక్కా. మన బ్రోషర్లో చదివింది కాదు.”

కళ్లారా చూసింది ఒక్కటే ఉంది. అదే రాసింది. చుట్టాలంతా కూర్చున్న గదిలో ఒక పెద్దాయన. ఎవరో జోకు వేస్తారు, అందరూ నవ్వుతారు. ఆయన వాళ్ల మొహాలు చూసి, ఒక్క క్షణం ఆగి, అందరికంటే గట్టిగా నవ్వుతాడు. ఆ జోకేమిటో ఇంటికెళ్లాక కూడా ఎవరినీ అడగడు.

కత్తెర చదివింది. ఏమీ కొయ్యలేదు. “ఇదక్కా! ఇప్పుడే పైకి పంపేస్తాను.”

“రేపటిదాకా ఆగుతావా? ఒకర్ని అడగాలి.”

“ఎవర్ని?”

“ఆ పెద్దాయన్ని.”

కత్తెర ఆమె వైపు తేరిపార చూసింది. “వద్దంటే?”

“తీసేస్తాను.”

“తీసేస్తే నీ చేతిలో ‘స్వాగతం’ తప్ప ఏమీ మిగలదు, తెలుసుగా?”

“తెలుసు.”

బస్సులో కూర్చుని దారి పొడవునా అబద్ధాలు అల్లుకుంది. పక్కింటాయన గురించి రాశానని చెప్పొచ్చు. అసలు చెప్పకపోతే మాత్రం పోయేదేముంది, పేరైనా లేదు. కానీ నాన్న రోజూ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని కంపెనీ సైటంతా తిరగేస్తాడు. ఇందులో నీదేదే అని అడుగుతాడు. ఏదో ఒక రోజు చదవకుండా ఉండడు.

ఇంటికెళ్లి, చెప్పులు విడిచి, ఫోను ఆయన చేతికిచ్చింది. నాన్న చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచీ చదివాడు.

అంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన ముందు నిలబడింది. “టీ పెట్టనా?”

ఆయన తలూపాడు. అమ్మ వెళ్లింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. “పంచదార వెయ్యనా, మానేస్తానన్నారుగా?”

“వెయ్యి.”

గోడ పట్టుకుంటూ వెళ్లింది.

“ఇది తప్పు,” అన్నాడు నాన్న.

పిచ్చుక ఫోను కోసం చెయ్యి చాపింది. “తీసేస్తాను నాన్నా.”

“తీసెయ్యమన్నానా? తప్పన్నాను. అందరూ నవ్వాక నవ్వితే దొరికిపోమూ? నేను మీ అమ్మ మొహం చూస్తాను. జోకు రాబోతుంటే ఆవిడకి ముందే పెదవి వణుకుతుంది. అందరికంటే ముందు నవ్వేది నేనే.”

అన్నాక గాని ఏం ఒప్పుకున్నాడో ఆయనకు తట్టలేదు. తలొంచుకుని ఫోను అంచు బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ఆయన తలెత్తేదాకా పిచ్చుక ఆగింది.

“ఎన్నాళ్ల నుంచి నాన్నా?”

“మిల్లు మానక ముందు నుంచే. నాకేం ఇబ్బంది లేదే. నన్ను చూపించి రాస్తే ఎవడు కొంటాడు? నేనే కొనను.” వంటింటి వైపు గడ్డంతో చూపించాడు. “ఇబ్బందల్లా ఆ మోకాళ్లకి.”

అమ్మ మూడోసారి వచ్చింది, చేతిలో గిన్నెతో. “పాలు విరిగాయి. పాలు లేకుండా తాగుతారా?”

“అమ్మా, అక్కణ్ణుంచే అడగొచ్చుగా?”

“అక్కణ్ణుంచి అడిగితే ఎవరు పలుకుతారే, గ్యాసు పొయ్యా?” అనేసి అమ్మ నాలుక కరుచుకుంది.

నాన్న పకపకా నవ్వాడు. పెదాలు బాగానే చదివాడు.

చీటికీ మాటికీ చేతిలో పని వదిలి వచ్చి నిలబడడం అమ్మ చాదస్తమని పిచ్చుక ఇన్నేళ్లూ అనుకుంది. తను కూడా ఎన్నోసార్లు విసుక్కుంది. ఇప్పుడు లేచి వెళ్లి అమ్మ చేతిలో గిన్నె తీసుకుంది.

పేజీ మళ్లీ రాసింది. అందులోంచి పెద్దాయన వెళ్లిపోయి ఒకావిడ వచ్చింది. “ఈ ఇంట్లో ఆయన టీ తాగాలంటే ఆవిడ వంటింట్లోంచి మూడుసార్లు నడిచి రావాలి” అని మొదలవుతుంది. శుక్రవారం కత్తెర ఒక్క మాటే కొట్టేసింది. చివర్లో పిచ్చుక ఉండబట్టలేక చేర్చిన స్వాగతం.

సాయంత్రం పైనుంచి కబురొచ్చాక కత్తెర ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది. “లే అక్కా. బరువు తీసి మీట లాగితే గాని ఇది పైకి రాదు. ఇన్నాళ్లూ అడగలేదేం?”

“ఉంటానో పోతానో తెలియకుండా కుర్చీ సంగతి ఎందుకని.”

“ఇక ఉంటావుగా. సరిగ్గా కూర్చో.”

ఆ కంపెనీలో ఉద్యోగుల ఇంట్లో వాళ్లకు చెవి పరీక్ష చేసి, కొన్నాళ్లు వాడి చూడమని మిషన్ ఇస్తారు. నీ ఉద్యోగం కోసమేనని మరీ మరీ చెప్పి నాన్న వెంట వచ్చాడు. చెవిలో మిషన్‌తో ఇంటికొచ్చి కూర్చోగానే పైకి చూశాడు.

“ఈ ఫ్యాన్ ఎప్పట్నుంచే ఇలా ఏడుస్తోంది?”

వీళ్లొచ్చేసరికి అమ్మ పక్కింట్లో ఉంది. తిరిగొచ్చి, వీళ్ల వైపు చూడకుండానే వంటింట్లోకి నడిచింది. లోపల డబ్బాల చప్పుడు. “ఈ ఉప్పు ఎక్కడ పెట్టి చచ్చానో,” అని తనలో తనే గొణుక్కుంటోంది.

“కిటికీ దగ్గరుంది,” అన్నాడు నాన్న.

డబ్బాల చప్పుడు ఆగిపోయింది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ అమ్మ గుమ్మంలోకి వచ్చి గది నలుమూలలా చూసింది.

“ఎవరే, చుట్టాలొచ్చారా?”