తంపరలో పెద్దది

ఆ రోజుల్లో నేను ఉద్దానంలోని ఒక బోర్డు బడిలో మేష్టరుగా పనిచేసేవాణ్ణి. ఆ బడి ఒకప్పుడు మా తాతగారు ధాన్యం దాచుకోవడానికి కట్టించిన కొట్టు. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే చొక్కా ఎంత మాసినా, దర్జా తగ్గకూడదని వీపు గోడకు ఆనించకుండా కూర్చునేవాణ్ణి.

బడి వెనక మొగలి పొదలు, వాటి వెనక తంపర. ఇసుక దిబ్బలకూ పొలాలకూ మధ్య వాననీరు నిలిచే పెద్ద మడుగు అది. అందులో ఒక జంతువు ఉందని నమ్మకం. దానికి పేరు పెట్టరు, ‘పెద్దది’ అంటారు. తంపరలో వల వేసినవాడు మొదట పడిన చేపను గట్టు మీది నల్లరాయిపై పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. పెట్టనివాణ్ణి అది నీళ్లలోకి లాక్కుపోతుందట.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కాలు చెప్పే ఓపిక పిల్లలకూ లేదు, వినే ఓపిక నాకూ లేదు. వెనక నుంచి ఒకడు అడిగాడు.

“మేస్టారండి, పెద్దదానికి ఎన్ని తలకాయలండి?”

“రెండు,” అన్నాడు పక్కవాడు, నేను నోరు విప్పకముందే. “ఒకటి తొంగుంటే ఇంకోటి కాపలా కాత్తాది.”

“నువ్వు సూసినావేటి?”

“మా మావ సూసినాడు.”

“మీ మావ తాగినంత కల్లు తాగితే నీకు మూడు కనపడతాయి.”

అందరూ నవ్వారు, ఒక్క పిల్ల తప్ప. తంపరలో చేపలు పట్టేవాడి కూతురు. వాళ్లమ్మ పురుడు పోసుకున్నప్పటి నుంచీ మంచం దిగలేదు. ఆ వేసవిలో నీళ్లు అడుగంటి, వాళ్ల నాన్నకు రోజుకు ఒకటే చేప పడేది. మొదటిదీ అదే, ఆఖరిదీ అదే. అది రాయి మీదికే పోయేది.

“నిన్న కొర్రమీను పడిందండి,” అంది ఆ పిల్ల. “మా అయ్య రాయి మీద ఎట్టేసినాడు. అది నిజింగా ఉందేటండి? నేకపోతే మాయమ్మకి వండుదును.”

నాకు తెలుసు. నా చిన్నతనంలో మా కావలివాడు తెల్లవారుతూనే ఆ రాయి దగ్గరికి బుట్ట పట్టుకు వెళ్లేవాడు. అప్పట్లో తంపర మాది. తన వాటా చెయ్యి చాచి అడగడం తాతగారికి నామోషీ. అందుకని ఒక జంతువును పుట్టించి నీళ్లలో పెట్టారు. తరవాత తంపర పోయింది, భూములు పోయాయి, కావలివాడు పోయాడు. రాతి మీది చేపను గద్దలో కుక్కలో తినిపోతున్నాయి. ఈ ఊళ్లో మా వంశానిది మిగిలిందల్లా ఆ భయమొక్కటే. దాన్ని కూడా వదులుకోవాలంటే నాకు కష్టంగానే ఉంది.

“లేదు,” అన్నాను. “ఎప్పుడూ లేదు. ఆ చేపలు మా ఇంట్లో వండుకున్నాం. నేనూ తిన్నాను.”

రెండు తలకాయలవాడు మెల్లగా లేచాడు.

“అయితే పెద్దదంటే మీరేనేటండి?”

మరో రోజైతే బెత్తం తీసేవాణ్ణి. “కూర్చో,” అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చి, తామరాకులో చుట్టిన చేపను మెట్టు మీద పెట్టాడు.

“పిల్ల సెప్పింది బాబూ. మరి రాయి దాకా ఎందుకు, ఇక్కడే ఎట్టెత్తాను.”

“నాకొద్దు. మీ ఇంట్లో వండుకోండి.”

“మొదటిది మేం తినకూడదండి. మా తాత మాటిచ్చినాడు.”

“ఎవరికిచ్చాడు?”

“మీ తాతగోరికే గదండి. ఆ సేపలు మీ ఇంటికే వచ్చేవని మీరే సెప్పినారట.”

అతని మాటలో ఎగతాళి లేదు. బతిమాలితే వినే మనిషీ కాదు. లోపలికి వెళ్లి ఉత్తరీయం భుజాన వేసుకుని వచ్చి, తాతగారు నిలబడే చోట నిలబడ్డాను. ఆయన గొంతు నాకు ఎన్నడూ ఇష్టం లేదు. అయినా ఆ గొంతుతోనే చెప్పాను.

“ఈ ఇంటి వారసుణ్ణి చెబుతున్నాను. మీ తాత ఇచ్చిన మాట ఇవాళ్టితో చెల్లిపోయింది. ఇకమీదట మొదటిదీ మీదే.”

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తలగుడ్డ విప్పి, “సిత్తం బాబూ,” అని చేప తీసుకుని వెళ్లిపోయాడు. వారసుడిగా నేను ఇచ్చిన ఆజ్ఞ జన్మకు అదొక్కటే. దాన్ని ఒకడు పాటించాడు.

నేను లోపలికి వచ్చేసరికి నా భార్య వంటింట్లో నిలబడి ఉంది. తలుపు చాటు నుంచి చేపను చూసి అప్పటికే చింతపండు నానబెట్టింది. ఆ చింతపండుతోనే పచ్చిపులుసు చేసింది.