రిగ్గైలో అద్దాల గది విప్పాం

ఈ రోజు, మేం పనిచేసే ఈ అరబ్బు దేశంలో, రిగ్గై అనే పేటలో ఒక రెస్టారెంటు ముందున్న అద్దాల గది విప్పేశాం. రెండేళ్ల కిందట దాన్ని బిగించింది కూడా మేమే. ఎండలోనూ దుమ్ములోనూ జనం బయట కూర్చుని తినేలా అల్యూమినియం ఫ్రేములు నిలబెట్టి, ఏసీలు పెట్టి, ఎనిమిది టేబుళ్లు వేశారు. ఇప్పుడు దాని అనుమతి రెన్యువల్ కాలేదట.

ఆ గదిలో వడ్డించే ఓబులేసు మా రాయచోటి వైపు మనిషే. టేబుళ్లన్నీ లోపలికి మోసి, మాతోపాటు అద్దం పట్టుకోవడానికి వచ్చాడు.

"నీకెందుకన్నా ఈ పని? చెయ్యి తెగుతాది, పోయి కూర్చో" అన్నాను.

"ఆడ కూర్చుంటే మేనేజర్ మొగం సూడాల. బయట టేబుళ్లు లేవు గదా, నేనూ అక్కర్లేదంట. నెలాఖరుకు ఖలాస్."

"వేరే చోట పనికి మారేదానికి రిలీజ్ కాగితం అడగలేదా?"

"అడిగినా. వీసా ఇచ్చిన కఫీల్ ఇయ్యనన్నాడు. మనూరికి పొమ్మంటాండాడు."

మా ఫోర్‌మన్‌ని పక్కకు పిలిచి, మనిషి కావాలా అని అడిగాను. "ఈ పని తర్వాత మనకే పనిలేదు" అన్నాడాయన.

మధ్యాహ్నానికి టైల్స్ మీద బోల్టుల రంధ్రాలే మిగిలాయి. ఓబులేసు చీపురు తెచ్చి గాజుపొడి ఊడ్చాడు. వద్దంటే, "నెలాఖరు దాకా నా డ్యూటీనే గదన్నా" అన్నాడు.

ఒళ్లు వంచితే ఇక్కడ పనికి కొదవ లేదని పద్నాలుగేళ్లుగా ఊళ్లో అందరికీ చెబుతూ వచ్చాను. అబ్బాసియాలో నేనుండే గదికి తిరిగొచ్చాక, ఇక ఆ మాట ఎవరికీ చెప్పకూడదనిపించింది.  ఓబులేసుకు మీరైతే ఏం చెప్పేవారు?