పోలయ్య గొంతు, నాగేంద్రబాబు గ్రీజు

నాగేంద్రబాబు మీద నాకు ఇప్పటికీ కోపమే. జాలి లేదని కాదు, కానీ కోపమే ముందు వస్తుంది. పడవల్లో జీపీఎస్‌లు, వైర్‌లెస్ సెట్లు, బ్యాటరీలు బాగుచేయడానికి గిలకలదిండి హార్బరు మొత్తానికి అతనే దిక్కు. బందరు బస్టాండు దగ్గర నా కంప్యూటర్ల షాపుకి వచ్చి కూర్చుంటే చాలు, "నీకేం కిరణ్ బావా, నీళ్ళు తగలని రిపేర్లు, ఫ్యాను కింద ఉద్యోగం" అని ఏడిపించేవాడు. మేము చర్చికెళ్ళేవాళ్ళం, వాళ్ళు రేవు వాళ్ళు. చుట్టరికం ఏమీ లేకపోయినా చిన్నప్పటినుంచీ బావా బావా అనే పిలుచుకుంటాం. ఈమధ్య ఆ ఏడిపించడం మానేశాడు.

వాళ్ళ నాన్న పోలయ్య రేవులో చేపల వేలం నడిపేవాడు. ఆయన ధర పలికితే ఇంజన్ల మోతలో కూడా చివరి పడవ దాకా వినపడేది. అబ్బ, ఏం గొంతండీ అది! సరిగ్గా ఆ గొంతులోనే జబ్బు పుట్టింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషనుకి ముందు నాగేంద్రబాబు తండ్రిని కూర్చోబెట్టి, ఫోన్లో ఆయన మాటలన్నీ రికార్డు చేశాడు. వేలం కేకలు, తుఫాను కబుర్లు, పెళ్ళాంతో పేచీలు, అన్నీ. పోలయ్య బతికాడు, మాట పోయింది. అప్పటినుంచీ సాయంత్రం పని తెమలగానే సత్యవతమ్మ కంప్యూటరు ముందు కూర్చుని మొగుడి మాటలు పెట్టించుకుని వినేది. ఆయన పక్కన కూర్చుని, తనను తానే వింటూ నవ్వుకునేవాడు.

అవి పోకూడదనే నాగేంద్రబాబు కంప్యూటర్లో రెండు డిస్కులు జోడించాడు. ఒకదాంట్లో పడింది రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చెడినా ఇంకోటి ఉంటుందని ధీమా. "ఎందుకైనా మంచిది, విడిగా పెన్‌డ్రైవులో ఒక కాపీ పెట్టుకో" అని మొత్తుకున్నాను.

"రెండున్నాయి గదా బావా, మూడోది దేనికి? నీ బేరం నువ్వు చూసుకుంటన్నావ్" అన్నాడు. ఒళ్ళు మండింది నాకు.

కొన్నాళ్ళకి ఎర్రర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఒక డిస్కు జోడీలోంచి జారిపోయేది. ఊడదీసి మళ్ళీ పెడితే కలిసేది. నాలుగు రోజులాగి మళ్ళీ అదే గోల. డిస్కు నా దగ్గరికి తెచ్చాడు. పిన్నులకేదో జిడ్డుంటే, చేతి మురికేలే అనుకుని స్పిరిట్‌తో తుడిచి నా మిషనుకి తగిలించాను. గుండ్రాయిలా ఉంది. కేబుల్ మీద అనుమానంతో కొత్త కేబుల్ ఇచ్చాను, తగ్గలేదు. పవర్ సప్లై మార్పించాను, అదీ అంతే. షాపులో లక్షణంగా తిరిగే డిస్కు ఇంటికెళ్ళగానే ఎందుకు మొరాయిస్తోందో ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతుచిక్కలేదు. చివరికి అతనికే విసుగు పుట్టి, జారిపోతున్న ఆ డిస్కు తీసేసి దాని స్థానంలో పెట్టడానికి కొత్తది కొనుక్కుపోయాడు.

ఆ ఆదివారం ఆరాధన అయి బయటికి వస్తుంటే ఫోన్ మోగింది.

"బావా, నాన్న ఫోల్డరు కనపడట్లేదు. ఒక్కసారి రావా."

బండి మీద పరుగున వెళ్ళాను. కంప్యూటరు పెట్టె విప్పి ఉంది. కేబుల్ లాగబోతే వేళ్ళు జారాయి. చూస్తే పిన్నుల నిండా దళసరిగా గ్రీజు, దానికి అంటుకున్న దుమ్ము.

"ఏంటిది?" అన్నాను.

"గ్రీజు బావా. మన ఉప్పు గాలికి పిన్నులు తినేస్తయ్ గదా. పడవలో బ్యాటరీకి పూసినట్టే పూస్తాను."

"నేనిచ్చిన కొత్త కేబుల్‌కి?"

"దానిక్కూడా. పెట్టేముందే పూశాను."

"ఓరి నాయనో! బ్యాటరీ తీగలూ ఇవీ ఒకటేనా? దుమ్ము పట్టిన గ్రీజు అడ్డం పడి కనెక్షన్ పోతా వస్తా ఉంది. డిస్కుకి ఏ రోగమూ లేదు! ఈ ముక్క నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వడగలేదు గదా" అన్నాడు మెల్లగా.

గ్రీజుతో పోయేది కనెక్షనే, ఫోల్డరు కాదు. ఏం చేశావని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. కొత్త డిస్కు పెట్టీ పెట్టగానే జోడీ మళ్ళీ తెగిందట. దేన్నుంచి దేనికి కాపీ చేయమంటావని మిషను అడిగిందట. పడవలో పాత బ్యాటరీ పడిపోతే కొత్తదాన్ని తగిలించి లేపుతారు. అదే అలవాటుతో, కొత్తదాన్నుంచి పాతదానికి అని నొక్కాడు. కొత్తదాంట్లో ఏముంది? శూన్యం. ఆ శూన్యం వెళ్ళి పోలయ్య గొంతు మీద పరుచుకుంది. రికార్డు చేసిన ఫోను ఎప్పుడో సముద్రంలో జారిపడిపోయింది. తీసేసిన పాత డిస్కుని పాడైందనుకుని అప్పటికే పాత సామాన్లవాడికి వేసేశాడట. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి వెతికాను. పెళ్ళి ఫొటోలు కొన్ని దొరికాయి. పోలయ్య మాట ఒక్కటీ దొరకలేదు. తిడదామని నోటిదాకా వచ్చింది గానీ అతని మొహం చూసి మిషను కట్టేశాను.

సాయంత్రం సత్యవతమ్మ ఎప్పటిలాగే చేతులు తుడుచుకుంటూ వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

"పోయినయ్యమ్మా. నా చేత్తో నేనే చెరిపేశాను" అన్నాడు నాగేంద్రబాబు. తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

ఆవిడ బిత్తరపోయి మొగుడి వైపు చూసింది. పోలయ్య పెదాలు కదిలాయి. ఆ కదలిక చదవడం ఆ ఇంట్లో ఆవిడకే బాగా అలవాటు.

"పోతే పోయినయ్‌లే అంటన్నాడు. లేచి అన్నం తినమంటన్నాడయ్యా."

"నాన్న అన్నట్టు అనమ్మా" అన్నాడు నాగేంద్రబాబు, చంటిపిల్లాడిలా ఏడుస్తూ. "ఆయన గొంతుతో, ఒక్కసారి."

సత్యవతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని గొంతు బొంగురుగా చేసుకుంది. "లెగరా నాగేంద్రా! అన్నానికి లెగు!"

పోలయ్య అలా కాదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ ఇంకా గట్టిగా అంది. ఆయన మళ్ళీ చెయ్యి ఊపాడు. మరెలాగో ఆయన అని చూపించలేడు, మా ముగ్గురిలో ఎవరికీ చేతకాలేదు.